ఇన్ఫెక్షన్ల డాక్టర్ దగ్గరికి పంపారంటే భయపడాలా?

ప్రశ్న: మాది పలాస దగ్గర పల్లె. మా నాన్నగారికి 58 ఏళ్లు. జీడితోట ఉంది, రెండు ఆవులున్నాయి. పదకొండు రోజులుగా జ్వరం తగ్గడం లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ గారు టైఫాయిడ్ అని అయిదు రోజులు ఇంజెక్షన్లు చేశారు. తర్వాత శ్రీకాకుళంలో చూపిస్తే కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్షలో క్రియాటినిన్ 1.8 ఉందన్నారు, విశాఖపట్నంలో ఇన్ఫెక్షియస్ డిసీజెస్ డాక్టర్‌కి చూపించమని రాసిచ్చారు. అంటువ్యాధుల డాక్టర్ అనేసరికి ఇంట్లో అందరికీ కంగారుగా ఉంది. ఎయిడ్స్ ఏమోనని అమ్మ ఏడుస్తోంది. అసలు వీళ్లేం చదువుకుంటారు? మామూలు జ్వరాల డాక్టర్‌కీ వీళ్లకీ తేడా ఏమిటి?

సలహా: అమ్మా, చదువుల సంగతి తర్వాత చెబుతాను. ముందు నాన్నగారిని ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండి. పదకొండు రోజుల జ్వరం, పైగా క్రియాటినిన్ పెరిగింది. విశాఖలో అపాయింట్‌మెంట్ దొరికేదాకా ఇంట్లో ఉంచొద్దు. ఆయాసం వచ్చినా, మూత్రం తగ్గినా, మత్తుగా ఉన్నా, మాట తడబడినా దగ్గర్లోని పెద్దాస్పత్రిలో చేర్చేయండి. వైద్యం మొదలుపెట్టడానికి ఎండీ జనరల్ మెడిసిన్ చేసిన డాక్టర్ చాలు.

ఇక అమ్మగారి భయం గురించి. ‘అంటువ్యాధులు’ అన్న మాటే మనవాళ్లని బెదరగొడుతోంది. సూక్ష్మజీవుల వల్ల వచ్చే జబ్బులన్నీ మనిషి నుంచి మనిషికి అంటవు. ఎముకలో చీము, గుండె కవాటానికి పట్టిన ఇన్ఫెక్షన్, ఎలుకల మూత్రం కలిసిన నీళ్లతో వచ్చే లెప్టోస్పైరోసిస్, ఇవన్నీ ఇన్ఫెక్షియస్ డిసీజెస్ డాక్టర్లుగా మేం చూసేవే. హెచ్‌ఐవీ ఉన్నవాళ్లనీ చూస్తాం. వాళ్లు మందులు వాడుతూ ఉద్యోగాలు చేసుకుంటున్నారు, పిల్లల్ని పెంచుకుంటున్నారు. ఆ గది బయట బెంచీ మీద కూర్చున్నంత మాత్రాన నాన్నగారికి ఏదో ఉందనుకోవద్దని అమ్మగారికి చెప్పండి.

చదువంటారా, నాలుగున్నరేళ్ల ఎంబీబీఎస్, ఏడాది హౌస్ సర్జన్సీ, ఆ పైన ఎండీ మూడేళ్లు. అక్కడితో ఫిజీషియన్ అవుతారు. ఆ తర్వాత మళ్లీ ఎంట్రన్స్ రాసి ఇన్ఫెక్షియస్ డిసీజెస్‌లో డీఎం గానీ డీఆర్‌ఎన్‌బీ గానీ ఇంకో మూడేళ్లు. కొందరు రెండేళ్ల ఫెలోషిప్ చేసి వచ్చినవాళ్లూ ఉన్నారు. గుండె డాక్టర్లకి డీఎం కార్డియాలజీ ఎప్పటినుంచో ఉంది. మా విభాగంలో డీఎం మొన్నమొన్నటిది, సీట్లూ తక్కువే. అందుకే పెద్ద నగరాలు దాటితే మావాళ్లు అరుదుగా కనిపిస్తారు. బోర్డు మీద ఎండీ మైక్రోబయాలజీ అని ఉంటే అది వేరే చదువు. వాళ్లు ల్యాబ్‌లో క్రిమిని పట్టుకునే నిపుణులు. నేను రోజుకి మూడు నాలుగుసార్లయినా వాళ్లకి ఫోన్ చేస్తాను.

ఆ మూడేళ్లలో మాకు నేర్పేదేమిటో మా గురువుగారి దగ్గర చూసిన ఒక సంగతి చెబితే తెలుస్తుంది. ఐసీయూలో ఒక రైతు. రెండు వారాల జ్వరం, మంచం పక్కన అరచేతి మందాన రిపోర్టుల ఫైలు. గురువుగారు ఆ ఫైలు ముట్టుకోలేదు. “పశువులకి గడ్డి ఎక్కణ్ణుంచి తెస్తారు?” అని అడిగారు. చెరువు గట్టు పొదల్లోంచని రైతు భార్య చెప్పింది. ఆయన టార్చి తీసుకుని చంకలు చూశారు, గజ్జలు చూశారు, మొలతాడు కింద చూశారు. అక్కడ దొరికింది నల్లటి పెచ్చు, చుట్టూ ఎర్రటి అంచు. మన పల్లెల్లో చెప్పాలంటే చుట్ట నిప్పు పడి కాలినట్టు ఉంది. నొప్పి ఉండదు, దురద ఉండదు. అందుకే మనిషికే తెలియలేదు. స్క్రబ్ టైఫస్. పొదల్లో ఉండే, కంటికి సరిగా ఆనని పురుగు కుట్టిన చోటు అది. అందరికీ ఆ మచ్చ కనబడదు గానీ, వెతకనిదే అసలు దొరకదు.

మీ నాన్నగారికి అదే అని ఉత్తరం చూసి నేను చెప్పలేను. మలేరియా, డెంగీ, లెప్టో, టీబీ అన్నీ చూడాలి. కానీ తోట పని, ఆవులు, పదకొండు రోజుల జ్వరం అన్నప్పుడు స్క్రబ్ టైఫస్ ఆలోచించకుండా ఏ ఫిజీషియనూ ఉండకూడదు. అనుమానం గట్టిగా ఉంటే పరీక్ష ఫలితం కోసం ఆగకుండా డాక్సీసైక్లిన్ మొదలుపెడతాం. చాలా చవక మందు. దాని కుటుంబంలో మొదటిదైన ఆరియోమైసిన్ 1948లో అమెరికాలోని లెడర్లే సంస్థ నుంచి బయటికొచ్చినప్పుడు అక్కడి పరిశోధనలకి పెద్ద మన యల్లాప్రగడ సుబ్బారావు గారే. జబ్బు ముదిరితే డాక్సీసైక్లిన్, అజిత్రోమైసిన్ రెండూ కలిపి నరానికి ఇస్తే మేలని మన దేశంలోనే చేసిన అధ్యయనం 2023లో వచ్చింది.

టైఫాయిడ్ అన్నది విడాల్ పరీక్ష ఒక్కటే చూసి అయితే దాన్ని నమ్ముకోవద్దు. అది 1896 నాటి పరీక్ష. ఎప్పుడో వచ్చి తగ్గినా, టీకా వేయించుకున్నా పాజిటివ్ చూపిస్తుంది. నమ్మదగింది రక్తంలోని క్రిమిని ల్యాబ్‌లో పెంచి చూసే బ్లడ్ కల్చర్, అదీ యాంటీబయాటిక్ పడకముందు తీస్తేనే. అయిదు రోజుల ఇంజెక్షన్ల తర్వాత తీసిన రక్తంలో క్రిమి దొరకడం కష్టం. నాకు ఎక్కువ బాధ కలిగించేది ఇదే. రోగి మా దాకా వచ్చేసరికి ఆనవాళ్లు చెరిగిపోయి ఉంటాయి.

ఇంకొకటి, కిడ్నీ జబ్బులు ఎక్కువగా ఉన్న మీ ఉద్దానం ప్రాంతం మనిషికి కిడ్నీల సంగతి చూసుకోకుండా ఏ ఇంజెక్షనూ చేయకూడదు. అమికాసిన్, జెంటామైసిన్, నొప్పికి ఇచ్చే డైక్లోఫెనాక్ కిడ్నీలని దెబ్బతీయగలవు. ఈ 1.8 జ్వరం వల్ల పెరిగిందా, ముందునుంచే ఉందా అన్నది తేలాలి. నిరుడో మొన్నటేడో ఊళ్లో కిడ్నీ క్యాంపులో రక్తం ఇచ్చి ఉంటే ఆ చీటీ వెతికి తీసుకెళ్లండి. జ్వరానికి పారాసెటమాల్ ఒక్కటే ఇవ్వండి.

ఆర్‌ఎంపీ గారితో గొడవ పెట్టుకోకండి. నెమ్మదిగా అడిగి, ఏయే ఇంజెక్షన్ ఎన్ని రోజులు చేశారో ఆయన చేతే ఒక కాగితం మీద రాయించుకోండి. ఖాళీ సీసాలు పారేయకుండా ఉంటే అవీ కవర్లో వేసుకోండి. విశాఖలో డాక్టర్ ముందుగా అడిగేది అదే.