బ్యాక్టీరియాకు 'శ్వాసక్రియ' అనవచ్చా?

సందేహం: అనంతపురం జిల్లాలో జీవశాస్త్రం చెబుతున్నాను. 'బ్యాక్టీరియాలో మైటోకాండ్రియా ఉండవు కాబట్టి అది అవాయు శ్వాసక్రియ జరుపుతుంది' అని మా విద్యార్థి రాశాడు (మైటోకాండ్రియా అంటే కణంలో శక్తిని విడుదల చేసే భాగాలు, అవాయు అంటే ఆక్సిజన్ లేకుండా). ఊపిరితిత్తులు లేని జీవికి 'శ్వాస' అనడమే తప్పని మా బడిలోని తెలుగు సారు అంటున్నారు. ఏది సరి?

సమాధానం: 'శ్వాసక్రియ' అనడంలో తప్పు లేదు. ఆ వాక్యంలో తప్పంతా 'కాబట్టి' దగ్గరే ఉంది.

మీ తెలుగు సారు పట్టింపు న్యాయమైనదే. శ్వాస అంటే ఊపిరి. 'బ్యాక్టీరియా ఊపిరి పీలుస్తుంది' అని ఎవరూ రాయకూడదు. కానీ శాస్త్రంలో శ్వాసక్రియ అంటే గాలి పీల్చి వదలడం కాదు, ఆహారంలోని శక్తిని కణం విడుదల చేసుకుని ఏటీపీ అనే శక్తినిచ్చే అణువు రూపంలో పెట్టుకోవడం. ఆ అర్థంలో అది ఏకకణ జీవులకూ చెల్లుతుంది.

ఇక 'కాబట్టి' సంగతి. క్షయ కలిగించే బ్యాక్టీరియాలో మైటోకాండ్రియా లేవు. అయినా ఆక్సిజన్ లేనిదే అది పెరగదు. అమీబా మైటోకాండ్రియా లోపలి పొరలో చేసుకునే పనిని బ్యాక్టీరియా తన కణత్వచంలోనే, అంటే కణాన్ని చుట్టి ఉండే పొరలోనే చేసుకుంటుంది. ఎలక్ట్రాన్లు ఒక అణువు నుంచి మరో అణువుకు చేతులు మారుతుంటే ఆ శక్తితో ప్రోటాన్లు పొర అవతలికి నెట్టబడతాయి. అవి తిరిగి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. 1961లో ఈ సంగతి ప్రతిపాదించిన శాస్త్రవేత్త పీటర్ మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. అంటే కావలసింది పొర, మైటోకాండ్రియానే కానక్కర్లేదు.

తిరగేసి చూసినా అంతే. ఈస్ట్‌లో మైటోకాండ్రియా ఉన్నాయి. ఆక్సిజన్ అందకపోతే అదే ఈస్ట్ చక్కెరను ఆల్కహాల్‌గా మార్చి, ఒక్కో గ్లూకోజ్ అణువు నుంచి 2 ఏటీపీలతో సరిపెట్టుకుంటుంది. ఆక్సిజన్ ఉంటే అంతకు ఎన్నో రెట్లు వచ్చేవి. 2016లో వెల్లడైన మోనోసెర్కోమోనాయిడీస్ అనే ఏకకణ జీవిలో కేంద్రకం ఉంది, మైటోకాండ్రియా మాత్రం బొత్తిగా లేవు! అది కూడా హాయిగా బతుకుతోంది.

'అవాయు శ్వాసక్రియ'ను మనవాళ్లు విచ్చలవిడిగా వాడుతున్నారు, ఇది నాకు నిజంగా బాధ కలిగిస్తుంది. కొన్ని బ్యాక్టీరియాలు ఆక్సిజన్ బదులు నైట్రేట్‌కు ఎలక్ట్రాన్లు అందిస్తాయి. అక్కడ ఆ మాట సరిగ్గా సరిపోతుంది. ఈస్ట్ ఆల్కహాల్ చేయడంలో ఎలక్ట్రాన్ల గొలుసే లేదు. దాన్ని 'కిణ్వనం' అనాలి, ఇంకా తేలికగా 'పులియడం' అనాలి. దోసెల పిండి పులిసింది, కల్లు పులిసింది అని కడప ఇళ్లలో రోజూ వినే మాటే. పిల్లలకు దాన్ని దూరం చేయడమెందుకు?

'శక్తిని ఉత్పత్తి చేస్తుంది' కంటే 'శక్తిని విడుదల చేసుకుంటుంది' మేలు. శక్తి కొత్తగా పుట్టదు, ఏటీపీ పుడుతుంది.

మీ విద్యార్థి వాక్యాన్ని ఇలా దిద్దండి: 'బ్యాక్టీరియాలో మైటోకాండ్రియా ఉండవు, శ్వాసక్రియ జరిపే బ్యాక్టీరియాలో ఆ పని కణత్వచంలో సాగుతుంది.'