దూరవిద్యతో మ్యారేజ్ సెలబ్రెంట్ కావాలనుకుంటున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఉద్యోగం మానకుండా, ఇంటి నుంచే చదువుకొని, ఆస్ట్రేలియాలో చట్టబద్ధంగా పెళ్లిళ్లు జరిపించే మ్యారేజ్ సెలబ్రెంట్ కావాలన్న నీ నిర్ణయం విని ఎంతో సంతోషించాను. 1973లో అప్పటి అటార్నీ జనరల్ లయొనెల్ మర్ఫీ సామాన్య పౌరులకు ఈ బాధ్యత అప్పగించడం మొదలుపెట్టేవరకు, మతపరమైన పెళ్లి వద్దనుకున్న జంటలకు పెళ్లిళ్లు నమోదు చేసే రిజిస్ట్రీ కార్యాలయంలో జరిగే క్లుప్తమైన తంతే గతి. ఇప్పుడు అక్కడి పెళ్లిళ్లలో పదింట ఎనిమిది వరకు మతంతో సంబంధం లేని సివిల్ పద్ధతిలోనే జరుగుతున్నాయి. ఈ పనిలో చట్టం, వేడుక రెండూ ఉన్నాయి. దూరవిద్యలో చట్టం బాగానే వంటబడుతుంది కాని, పదిమంది ముందు నిలబడి మాట్లాడే నేర్పు మాత్రం నీ అంతట నీవే సాధించుకోవాలి.

నీవు చదవవలసినది సర్టిఫికెట్ ఫోర్ ఇన్ సెలబ్రెన్సీ అనే వృత్తిశిక్షణ కోర్సు. చేరబోయే సంస్థకు ఈ కోర్సు నడిపే గుర్తింపు ఉందో లేదో జాతీయ శిక్షణ రిజిస్టర్‌లో చూసుకో. నీవు ఎంచుకునే పాఠ్యాంశాలలో వివాహానికి సంబంధించినవన్నీ ఉన్నాయని సంస్థ చేత రాతపూర్వకంగా చెప్పించుకో. అంత్యక్రియలు, నామకరణం వంటి వేడుకలు జరిపించడానికి ప్రభుత్వ నమోదు అవసరం లేదు కనుక, ఆ అంశాలతోనే కోర్సు ముగించేవారూ ఉంటారు. సర్టిఫికెట్ చేతికి వచ్చినంత మాత్రాన పెళ్లి జరిపించే అధికారం రాదు. ఆ తరువాత సెలబ్రెంట్ల రిజిస్ట్రార్‌కు రుసుముతో దరఖాస్తు చేయాలి. వారు నీ చట్టపరిజ్ఞానాన్ని, నడవడిని, నీ ఇతర వృత్తితో ప్రయోజనాల వైరుధ్యం ఉందేమోనన్న విషయాన్ని కూడా పరిశీలిస్తారు.

చదువులో నీ సమయంలో సింహభాగం 1961 నాటి వివాహ చట్టానికి కేటాయించు. జంట ఇచ్చే నోటీసు పెళ్లికి కనీసం ఒక నెల ముందు, పద్దెనిమిది నెలలకు మించకుండా నీకు అందాలి. మనవాళ్లు ముహూర్తం మూడు వారాల్లో ఉందని వచ్చి బతిమాలినప్పుడు, గడువు తగ్గించే అధికారం నీకు లేదని, చట్టం పేర్కొన్న కొద్దిపాటి కారణాలపై అందుకు నియమితుడైన అధికారి మాత్రమే తగ్గించగలరని మృదువుగానే అయినా స్థిరంగా చెప్పగలగాలి. పెళ్లి అయ్యాక పద్నాలుగు రోజుల్లో కాగితాలు రిజిస్ట్రీకి చేరాలి.

వధూవరుల సమ్మతి గురించి మరింత శ్రద్ధగా చదువు. 2024 జూన్ నుంచి, పెళ్లికి ముందు ఇద్దరితోనూ విడివిడిగా, ముఖాముఖిగా మాట్లాడడం సెలబ్రెంట్ విధి అయింది. పెద్దలు కుదిర్చిన సంబంధాలు ఎక్కువగా ఉండే మన కుటుంబాల విషయంలో ఇది ఎంత విలువైన నియమమో నీకు నేను చెప్పనక్కరలేదు. తల్లిదండ్రులు పక్కనే కూర్చుంటామని అన్నా ఒప్పుకోవద్దు. అమ్మాయి తలవంచుకొని సరేనన్నంత మాత్రాన తృప్తిపడకుండా, ఆమె తన మాటల్లో చెప్పేవరకు ఓపికగా వినాలి. అనుమానం మిగిలితే పెళ్లి జరిపించకూడదు. ఎవరు నొచ్చుకున్నా సరే, ఈ ఒక్క విషయంలో మెత్తబడవద్దని నా గట్టి మాట.

ఇక వేడుక. వివాహం గంభీరమైన, కట్టుబడి ఉండవలసిన బంధమని గుర్తుచేసే వాక్యాలు చట్టంలోని 46వ సెక్షన్‌లో ఉన్నాయి. వాటిని ప్రమాణాలకు ముందు నీవే పలకాలి. 45వ సెక్షన్‌లోని ప్రమాణవాక్యాన్ని వధూవరులు ఒకరికొకరు చెప్పుకోవాలి. దానికి తోడుగా వారు తమ మనసులోని మాటలు ఎన్నైనా చేర్చుకోవచ్చు కాని, చట్టం అడిగే మాటలు తగ్గకూడదు. పద్దెనిమిదేళ్లు నిండిన ఇద్దరు సాక్షులు అక్కడ ఉండాలి. ఈ వాక్యాలను కాగితం చూడకుండా చెప్పగలిగేంతగా సాధన చేయి, అయినా వేడుకలో కాగితం చేతిలోనే ఉంచుకో.

దూరవిద్యలో నమూనా వేడుకలను వీడియో తీసి పంపమనడం మామూలే. దానికి ఖాళీ గదిలో కెమెరా ముందు కూర్చోవద్దు. బంధుమిత్రులను పిలిచి, ఆరుబయట, గాలి హోరులో నిలబడి మాట్లాడు. చివరి వరుసలోని వారికి ఏ పదం వినబడలేదో అడిగి తెలుసుకో. అనుభవం ఉన్న సెలబ్రెంట్‌ను అడిగి, జంట అనుమతితో, నిజమైన పెళ్లిళ్లు కూడా చూడు. పెళ్లి తంతు మాత్రమే కాక, అంతకుముందు గంటసేపు ఆ సెలబ్రెంట్ మైకు, సాక్షులు, సంతకాల బల్ల ఎలా సర్దుకుంటారో గమనించు.

మొదటి ఏడాది ఈ పనిమీదే బతకవచ్చని లెక్క వేసుకోవద్దు. దేశంలో వేలమంది సెలబ్రెంట్లు ఉన్నారు, చాలామంది దీన్ని మరో ఉద్యోగంతో పాటే చేస్తున్నారు.

మొదటి నమూనా వీడియో సిద్ధం కాగానే, సంస్థకు పంపేముందు నాకు పంపు. ఉచ్చారణ, వేగం, కాగితాల క్రమం చూసి నా అభిప్రాయం రాస్తాను.

ఇట్లు,
నీ మేనత్త