కోక్‌కు బదులుగా వ్యర్థ ప్లాస్టిక్?

ప్రశ్న: మిశ్రలోహాల కొలిమిలో, నేలబొగ్గును గాలి తగలకుండా కాల్చి చేసే కోక్‌కు బదులుగా వ్యర్థ ప్లాస్టిక్ వాడవచ్చంటున్నారు. కాలిపోయే వస్తువు లోహం తయారీకి ఎలా పనికొస్తుంది?
– ఒక పాఠకుడు, గరివిడి

జవాబు: ఇనుము, సిలికాన్ కలిసిన మిశ్రలోహమైన ఫెర్రో సిలికాన్‌ను తయారుచేసే కొలిమికి వేడినిచ్చేది ప్రధానంగా విద్యుత్తు. కోక్‌లోని కర్బనం సిలికాన్, ఆక్సిజన్‌లతో కూడిన క్వార్ట్జ్ రాయి నుంచి ఆక్సిజన్‌ను లాక్కుని కార్బన్ మోనాక్సైడ్‌గా బయటకు పోతే, మిగిలిన సిలికాన్ కరిగిన ఇనుములో కలుస్తుంది. పాలిథిన్ బరువులో దాదాపు 86 శాతం కర్బనమే కనుక, సూత్రప్రాయంగా అదీ ఈ పని చేయగలదు.

అసలు చిక్కు మరోచోట ఉంది. పాలిథిన్ కొలిమి అడుగుకు చేరేలోపే వాయువులుగా విడిపోతుంది, బొగ్గు దాదాపు మిగలదు; అందుకే దాన్ని కోక్‌తో కలిపి వాడే పద్ధతులపైనే ఎక్కువగా పరిశోధన జరిగింది. ప్రెషర్ కుక్కర్ పిడికి వాడే బేకలైట్ అలా కాదు. అది కరగదు, గాలి లేకుండా కాలిస్తే గట్టి బొగ్గు మిగులుస్తుంది, మళ్లీ అచ్చు పోయడానికీ పనికిరాదు. కొలిమికి పంపవలసింది ముందుగా ఇలాంటి ప్లాస్టిక్‌నేనని నా అభిప్రాయం.

సిడ్నీలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయంలో, ముంబైలో పుట్టిన శాస్త్రవేత్త వీణా సహజ్‌వాలా బృందం ఈ దిశగా ఎన్నో ప్రయోగాలు చేసింది. పాత టైర్ల రబ్బరును కోక్‌తో కలిపి ఉక్కు తయారుచేసే విద్యుత్ ఆర్క్ కొలిమిలోకి ఊదే వారి పద్ధతి పరిశ్రమలోనూ అమలైంది.

పైపులకు వాడే పీవీసీ ప్లాస్టిక్‌ను మాత్రం తప్పనిసరిగా ఏరివేయాలి. దాని బరువులో సగానికి పైగా ఉన్న క్లోరిన్ హైడ్రోజన్ క్లోరైడ్‌గా మారి గొట్టాలను తినేస్తుంది, విషపూరితమైన డయాక్సిన్లు ఏర్పడే ప్రమాదమూ ఉంది.