సమర్‌ఖండ్ దారిలో ముందు రష్యన్ నేర్చుకోవాలి

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్ ఎంపీసీ రెండో సంవత్సరం. ఉజ్బెకిస్తాన్ కొండల్లో డ్రోన్‌తో పాత నగరాలు బయటపెట్టారన్న వార్త చదివినప్పటి నుంచి ఆర్కియాలజీయే చదువుతానంటోంది. దీన్ని నమ్ముకుని బతకొచ్చా? మాకు టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆమె చదివింది తుగుంబులాక్ గురించే అయ్యుంటుంది. దాదాపు 2,000 మీటర్ల ఎత్తున, సుమారు 300 ఎకరాల మధ్యయుగపు నగరం. గడ్డి కింద దాగిన గోడల జాడలను డ్రోన్‌కు కట్టిన లైడార్ (లేజర్ కిరణాలతో నేల ఎత్తుపల్లాలు కొలిచే పరికరం) పట్టుకుంది. 2024లో ఆ వివరాలు వచ్చాయి. కాబట్టి చదివిన లెక్కలు వృథా పోవు. డిగ్రీలో చరిత్రకు మారినా పక్కన జీఐఎస్ (కంప్యూటర్‌లో మ్యాపులు గీసి విశ్లేషించే పద్ధతి) నేర్చుకోమనండి.

అయితే డ్రోన్ ఎగరడం పనిలో చిన్న ముక్క. తర్వాత తాపీ పట్టుకుని మట్టిలో కూర్చోవాలి. అక్కడి పాత ఊళ్లు ఎక్కువగా పచ్చి ఇటుకతో, దిమ్మిస కొట్టిన మట్టితో కట్టినవి. నిలిచిన గోడా, కూలిన మట్టీ ఒకటే రంగు. పైపొరను పల్చగా గీకుతూ ఇటుకకూ ఇటుకకూ మధ్య సన్నని గీత కోసం గంటలు చూడాలి. తొందరపడితే గోడనే తవ్వేస్తాం. ఈ ఓపిక ఉందో లేదో వార్తలు చదివితే తెలియదు. డిగ్రీలో ఉండగానే మన దగ్గర ఏదైనా తవ్వకంలో ఒక సీజన్ పని చేయనివ్వండి.

చాలామంది మరిచిపోయేది భాష. తజికిస్తాన్‌లోని పాత నగరం పంజికెంట్‌లో 1940ల నుంచి తవ్వుతున్నారు. ఉజ్బెకిస్తాన్‌లోని పాత సమర్‌ఖండ్ దిబ్బ అఫ్రాసియాబ్‌లో 1965లో రాయబారుల కుడ్యచిత్రాలు దొరికాయి. సోవియట్ కాలపు ఆ నివేదికలు చాలావరకు రష్యన్‌లోనే ఉన్నాయి. హైదరాబాద్‌లోని ఇంగ్లిష్, విదేశీ భాషల విశ్వవిద్యాలయం ఇఫ్లూలో రష్యన్ నేర్పుతారు. ఇప్పుడు మొదలుపెడితే పీహెచ్‌డీ నాటికి అందుకుంటుంది.

ఇక జీతం. మధ్య ఆసియా కోసమే అంటూ మన దేశంలో ఉద్యోగాలు దాదాపు లేవు. పుణె దక్కన్ కాలేజీ లాంటి చోట ఎంఏ, ఆపై గ్రేటర్ నోయిడాలో పురావస్తు శాఖ వారి రెండేళ్ల పీజీ డిప్లొమా, లేదంటే యూజీసీ నెట్. ఇల్లు గడిచేది పురావస్తు శాఖ, మ్యూజియం, అధ్యాపక ఉద్యోగాలతోనే. సమర్‌ఖండ్‌లో పనిచేసే అవకాశం పీహెచ్‌డీలో, బహుశా విదేశీ విశ్వవిద్యాలయం ద్వారా వస్తుంది. ముప్ఫై దాటేదాకా స్థిరమైన జీతం లేకపోవచ్చు. ఇంటికి అప్పులుంటే ఆ సంగతి ఆమెకు ఇప్పుడే చెప్పండి, దాచొద్దు.

ఢిల్లీ నేషనల్ మ్యూజియంలో వందేళ్ల కిందటి అన్వేషకుడు ఆరెల్ స్టెయిన్ తెచ్చిన మధ్య ఆసియా సేకరణ ఉంది. గ్యాలరీ తెరిచి ఉందో కనుక్కుని సెలవుల్లో తీసుకెళ్లండి. ముందు విసుగెత్తి బయటికొచ్చేది మీరో, ఆమో చూడండి.