దేవుడికి కనికరం ఉండి, చావు మీద అధికారం కూడా ఉంటే విశ్వాసుల ఇళ్లలో అకాల మరణాలెందుకు?

ఇదే ప్రశ్న మా పిన్ని పాస్టర్‌గారిని ముఖం మీదే అడిగేసింది, అదీ ఆదరణ కూడికలో, అందరి ముందూ. బాబాయి పోయిన కొన్నాళ్లకే ఒక్కగానొక్క కొడుకు బైక్ యాక్సిడెంట్‌లో పోయాడు. ఆ రోజు చదివిన వాక్యం బైబిల్లో లూకా సువార్త 7వ అధ్యాయం, నాయీను ఊరి విధవరాలి చనిపోయిన కొడుకుని యేసు లేపిన సంగతి. "ఆవిడ బిడ్డని లేపాడు కదండీ, మరి నా బిడ్డ ఏం పాపం చేశాడు?" అంది. పాస్టర్‌గారు ఏమీ మాట్లాడకుండా వచ్చి పక్కన కూర్చున్నారు. నయం, అంతకుముందు ప్రార్థనకొచ్చిన ఒక పెద్దాయన "విశ్వాసం తగ్గితే ఇలాగే అవుతుందమ్మా" అని అనేసి, భోజనం చేసి మరీ వెళ్లాడు.

నాకు ఒళ్లు మండి ఇంటికెళ్లి ఆ భాగం మళ్లీ నిదానంగా చదివాను. నాయీను గలిలయలో ఒక ఊరు. యేసు ఆ ఊరి గవిని (ద్వారం) దగ్గరికి వచ్చేసరికి పాడె ఎదురొస్తోంది. ఆ తల్లి ఆయన్ని ఏమీ అడగలేదు, ఆయనెవరో ఆవిడకి తెలుసని కూడా లూకా రాయలేదు, 11వ వచనం నుంచి 17 వరకు వెతికినా విశ్వాసం అన్న మాటే కనపడదు. ఆయనే ఆవిడని చూశాడు, కనికరపడ్డాడు, ఏడవొద్దన్నాడు, వెళ్లి పాడె ముట్టుకున్నాడు. మోసేవాళ్లు టక్కున ఆగిపోయారు. యూదుల ధర్మశాస్త్రం ప్రకారం శవాన్ని తాకితే ఏడు రోజులు మైల, చావింటి మైల ఎలా ఉంటుందో మనకి వేరే చెప్పాలా? లేచి కూర్చున్న కుర్రాడిని తల్లికి అప్పగించాడు. మొగుడూ కొడుకూ లేని ఆడదానికి ఆ కాలంలో వేరే దిక్కు లేదు మరి.

ఇక మీ ప్రశ్నకొస్తే, యేసు లేపిన ఈ నాయీను కుర్రాడు గానీ, యాయీరు కూతురు గానీ, నాలుగు రోజులు సమాధిలో ఉన్న లాజరు గానీ తర్వాత ఎప్పుడో మళ్లీ చనిపోయినవాళ్లే. సైప్రస్‌లోని లార్నాకాలో లాజరు రెండో సమాధి అని చూపించే చర్చి కూడా ఉంది! చావు మా గడప తొక్కదని క్రైస్తవులెవరూ నమ్మరు, నమ్మకూడదు కూడా. యేసు మూడో రోజున లేచాడు కాబట్టి ఆయనలో నిద్రించినవాళ్లూ, అంటే ఆయన్ని నమ్మి చనిపోయినవాళ్లూ, ఒక రోజు లేస్తారన్నదే నిరీక్షణ. అందుకే ఈస్టర్‌కి తెల్లారకుండానే సమాధుల తోటకి వెళ్తాం. పిన్ని ముందురోజే సమాధికి సున్నం కొట్టించి, బంతిపూలు, కొవ్వొత్తులు సర్దుకుంటుంది, అక్కడ కూర్చుని కొడుకు గురించి ఏడుస్తుంది కూడా. అపొస్తలుడు పౌలు థెస్సలొనీక ఊరి క్రైస్తవులకు రాసింది నిరీక్షణ లేనివాళ్లలా దుఃఖపడొద్దనే, అసలు ఏడవొద్దని ఎక్కడా అనలేదు.

ఆ యాక్సిడెంట్ ఎందుకు జరగనిచ్చాడంటే నా దగ్గర జవాబు లేదు. యోహాను సువార్త 11వ అధ్యాయం మాత్రం ఒకసారి చదవండి. లాజరు అక్కచెల్లెళ్లు మార్త, మరియ ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు ఆయన్ని అన్నది ఒకే మాట: నువ్వు ఇక్కడ ఉండుంటే మా సోదరుడు చనిపోయేవాడు కాదు అని. ఆయన ఇద్దరిలో ఎవర్నీ కసురుకోలేదు. కాసేపట్లో లాజరుని లేపబోతున్నానని తెలిసి కూడా వాళ్లతో పాటు ఏడ్చాడు.