ముళ్లులేని నాగజెముడు: మొదలు కుళ్లు, తెల్లదూది, గొర్రెల మేత

ప్రశ్న: వేసవి మేత కోసం ముళ్లులేని నాగజెముడు మట్టలు 60 తెప్పించి, మరుసటి రోజే ఎర్రనేలలో నాటాను. రోజు విడిచి రోజు డ్రిప్పుతో నీళ్లిచ్చాను. సగం మొదట్లో మెత్తబడి, వాసనొచ్చి పడిపోయాయి. బతికినవాటిలో కొన్నింటికి తెల్లటి దూదిలాంటిది పట్టింది. కొత్త మట్టల మీద ముళ్లలాంటివి కూడా కనిపిస్తున్నాయి. మోసపోయానా? మాకు 20 గొర్రెలున్నాయి. ఎంత మేపాలి? కంచెగా ఊళ్లో దొరికే ముళ్ల నాగజెముడు పెట్టవచ్చా? – ఒక రైతు, కళ్యాణదుర్గం ప్రాంతం, అనంతపురం జిల్లా

జవాబు: ముందు ముళ్ల సంగతి. లేత మట్ట మీద ప్రతి కన్ను (మొలకలు, ముళ్లు పుట్టే చుక్క) దగ్గరా పచ్చగా, మెత్తగా, కొన తేలి కనిపించేవి ముళ్లు కావు, ఆకులు. మనం ఆకు అనుకునే మట్ట నిజానికి కాండం. వేలితో వంచి చూడండి, గుచ్చుకోకుండా వంగుతాయి. మట్ట ముదిరే కొద్దీ నెల లోపే రాలిపోతాయి. రాలాక కూడా మట్ట కన్నుల్లో మన చూపుకు ఆనని నూగు ముళ్లు కొన్ని మిగులుతాయి. గొర్రె నోటికి వీటితో పెద్ద ఇబ్బంది లేదు గానీ కోసేవాళ్ల చేతులకు మందపాటి తొడుగులు తప్పనిసరి. కాయల్లోని గింజల నుంచి మాత్రం మొక్కలు పెంచకండి, వాటిలో ముళ్లవి కూడా పుట్టుకొస్తాయి. మట్టతోనే ప్రవర్ధనం చేయాలి.

మొదలు కుళ్లడానికి కారణం మీ ప్రశ్నలోనే ఉంది. కోసిన గాయం ఆరకముందే తడి నేలలో పెట్టారు, పైగా రోజు విడిచి రోజు నీళ్లు. మట్టలో దాదాపు 90 శాతం నీరే. పచ్చి గాయంలోంచి బాక్టీరియా, శిలీంధ్రాలు చొరబడితే వారంలో లోపలంతా గుజ్జవుతుంది. ఈ మొక్క గాలి పీల్చే రంధ్రాల్ని పగలు మూసుకుని రాత్రి తెరుస్తుంది కాబట్టి నీటి ఖర్చు చాలా తక్కువ. వేరు పుట్టని మట్టకైతే నీరు తాగే దారే లేదు, ఇచ్చిందంతా కుళ్లుకే పనికొస్తుంది.

పడిపోయినవన్నీ పారేయకండి. కుళ్లు పాకని పైభాగాన్ని, కోసినచోట గోధుమరంగు చార ఒక్కటి కూడా కనిపించనంత వరకు పైకి జరిపి కోయండి. ప్రతి కోతకూ కత్తిని స్పిరిట్‌తో తుడవాలి. ఆ ముక్కల్ని లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపిన మందులో ముంచి, నీడలో, గాలి తగిలేచోట, ఒకదానిపై ఒకటి పడకుండా 3 వారాలు ఆరబెట్టండి. కోసినచోట తోలులా గట్టిపడి, గోటితో నొక్కినా చెమ్మ రాకూడదు. మట్ట కాస్త ముడతలు పడితే కంగారు వద్దు.

కొత్తగా కోసే విత్తన మట్టలైతే ఏడాది వయసున్నవి, కణుపు దగ్గర తెగినవి ఎంచుకోండి. మధ్యకు కోస్తే గాయం పెద్దదవుతుంది. మీ ప్రాంతంలో సెప్టెంబరు, అక్టోబరులోనే వానలు ఎక్కువ గనుక, అవి తగ్గాక నవంబరులో నాటడం మేలు. అడుగు ఎత్తు బోదెలు తోలి, సాళ్ల మధ్య 2 మీటర్లు, మొక్కల మధ్య ఒక మీటరు ఉంచితే ఎకరాకు సుమారు 2,000 మట్టలు పడతాయి. గుంతకు 2–3 కిలోల మాగిన పశువుల ఎరువు చాలు. పచ్చిపేడ వేస్తే మళ్లీ కుళ్లే. కోసిన వైపు కిందికి ఉంచి, మూడో వంతు మట్టిలోకి, వెడల్పు ముఖాలు తూర్పు పడమరలకు ఉండేలా నిలబెట్టండి. పొడినేలలో నాటి, 10 రోజులు ఆగి, మొక్కకు ఒకటి రెండు లీటర్లు పోయండి. తర్వాత వాన లేకపోతే మూడు వారాలకోసారి. నల్లరేగడిలోని పల్లపు మడి, చౌడునేల దీనికి పనికిరావు. వేర్లు పైపైనే పాకుతాయి గనుక మొదటి ఏడాది కలుపు తీయకపోతే ఎదుగుదల ఆగిపోతుంది. లోతుగా గుంటక తోలినా వేర్లు తెగుతాయి.

తెల్లదూదిని తెల్లకాగితం మీద నలపండి. ముదురు ఎర్రరంగు అంటితే అది కాచినీల్ పురుగు, మామూలు పిండినల్లి కాదు. మన దక్షిణాదిలో ఊళ్లను ముంచెత్తిన ముళ్ల నాగజెముడును అణచడానికి 1926లో సింహళం నుంచి తెచ్చి వదిలిన పురుగు ఇదే. మేత నాగజెముడునూ ఇది వదలదు. మొరాకోలో 2014లో కనబడ్డాక తోటలకు తోటలే ఎండిపోయాయి. అందుకే మీ కంచె ఆలోచన మానుకోండి. ఊరి నాగజెముడు ఈ పురుగుకు పుట్టిల్లు. పొలం చుట్టుపక్కల పురుగు పట్టిన పొదలున్నా తీసేయడం మంచిది.

బాగా పట్టిన మట్టల్ని కోసి లోతుగా పూడ్చండి. మిగతావాటిని గట్టి నీటిధారతో కొట్టి, పాత బ్రష్‌తో దూదిని తుడిచాక, లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి సాయంత్రం పిచికారీ చేయండి. దూది చెదరకుండా ఏ మందు కొట్టినా పురుగుకు అంటదు, చాలామంది విఫలమయ్యేది ఇక్కడే. వారం తేడాతో మరో రెండుసార్లు చేయాలి. మేత పంట కాబట్టి ఘాటైన పురుగుమందుల జోలికి పోవద్దు. పిండినల్లిని తినే క్రిప్టోలీమస్ అక్షింతల పురుగు దీన్నీ తింటుంది.

ఇక కంచె తప్పనిసరి, ముళ్లు లేవంటే కాపలా లేనట్టే. 1907లో అమెరికాలో కొత్త మొక్కల రకాలు సృష్టించే లూథర్ బర్బాంక్ తన ముళ్లులేని రకాలు ఎడారుల్ని మేతభూములుగా మారుస్తాయని గొప్పగా ప్రచారం చేశారు. కంచె, కలుపు తీత, కాస్త నీరు లేకుండా అవి నిలవవని కొన్న రైతులకు తర్వాత తెలిసింది. ఇప్పుడు అమ్మేవాళ్ల మాటల్నీ ఆ లెక్కనే వినండి. ఇనుప వల గానీ, చుట్టూ ఎండుముళ్ల కంప గానీ వేయండి.

మేపు విషయంలో దీన్ని నీళ్లూ శక్తీ ఇచ్చే తోడు మేతగానే చూడాలి. ఎండుపదార్థంలో మాంసకృత్తులు 4–6 శాతమే. ఒంటరిగా పెడితే పెంటికలు కట్టకుండా పలచగా జారతాయి. రోగం కాదు గానీ, మేత వంటపట్టదు. రెండంగుళాల ముక్కలు చేసి గొర్రెకు రోజుకు అరకిలోతో మొదలుపెట్టి, రెండు వారాల్లో 3 కిలోలకు పెంచండి. వేరుశనగ కట్టె గానీ జొన్నచొప్ప గానీ కడుపునిండా పెట్టాలి. చొప్పే అయితే తలకు 100 గ్రాముల వేరుశనగ చెక్క కలపండి. మట్టలో సున్నం ఎక్కువ, భాస్వరం తక్కువ, అందుకే 10 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం ఇవ్వండి. మట్టల్ని మధ్యాహ్నం దాటాక కోస్తే రాత్రి చేరిన పులుపు తగ్గి గొర్రెలు ఇష్టంగా తింటాయి.

20 గొర్రెలకు 3 కిలోల చొప్పున 100 రోజులకు 6 టన్నులు కావాలి. మూడో ఏడు మొక్క నుంచి 4 కిలోలు కోస్తామనుకున్నా 1,500 మొక్కలు, అంటే 75 సెంట్లు. మీ దగ్గర బతికిన 30 మొక్కలు ఇప్పుడు విత్తన తోటే. ఈ వేసవికి, వచ్చే వేసవికి మేతకు ఒక్క మట్ట కూడా కోయకుండా, పురుగు లేనివి చూసి నాటుకు వాడుకోండి. కోత మొదలుపెట్టాక కూడా మొదలు మట్టనూ, దాని మీది తొలి వరుస మట్టల్నీ ముట్టుకోవద్దు.