అందరూ త్రీడీ అంటుంటే పెన్సిల్ పట్టుకోవచ్చా?

ప్రశ్న: చిన్నప్పటి నుంచి నాకు బొమ్మలు వేయడం ఇష్టం. మా స్నేహితులందరికీ సినిమా పిచ్చి. కొత్త యానిమేషన్ సినిమా వచ్చిందంటే చూసొచ్చి గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. చేత్తో గీసిన సినిమాల రోజులు అయిపోయాయని, ఇప్పుడంతా కంప్యూటర్‌దేనని వాళ్లంటారు. నాకేమో ఆ గీతల సినిమాలే నచ్చుతాయి. ఈ ఏడాదితో స్కూలు చదువు అయిపోతుంది. నాన్న కంప్యూటర్ మీద త్రీడీ యానిమేషన్ నేర్పే కోర్సులో చేరమంటున్నారు. చేత్తో గీసే యానిమేషన్ నేర్చుకుంటే ఉద్యోగం దొరుకుతుందా? చాలా టెన్షన్‌గా ఉంది.
– ఒక విద్యార్థిని

జవాబు: మీ స్నేహితుల మాటలో సగం నిజముంది. ఆ సగం ఏమిటో తెలుసుకుంటే మీ టెన్షన్ కూడా సగం తగ్గుతుంది.

1937లో ‘స్నో వైట్’తో డిస్నీ మొదలుపెట్టిన, పూర్తి నిడివి సినిమాను చేత్తో గీసే పద్ధతి దాదాపు అరవై ఏళ్లు తిరుగులేకుండా నడిచింది. 1995లో పూర్తిగా కంప్యూటర్‌లోనే తయారైన మొదటి పూర్తి నిడివి సినిమా ‘టాయ్ స్టోరీ’ వచ్చింది. అది మొదలు పదేళ్లు తిరక్కుండానే అమెరికాలోని పెద్ద స్టూడియోలు పెన్సిల్‌ను పక్కన పెట్టేశాయి. 2002లో భారీ ఖర్చుతో తీసిన ‘ట్రెజర్ ప్లానెట్’ పెట్టుబడి కూడా రాబట్టలేకపోయింది. 2004లో డిస్నీ ఫ్లోరిడాలోని తన యానిమేషన్ స్టూడియోను మూసేసింది. 2009లో ‘ద ప్రిన్సెస్ అండ్ ద ఫ్రాగ్’తో మళ్లీ ప్రయత్నించింది గానీ, 2011 నాటి ‘విన్నీ ద పూ’ తర్వాత ఆ సంస్థ నుంచి పూర్తిగా చేత్తో గీసిన పెద్ద సినిమా మరొకటి రాలేదు.

ఇంతవరకు మీ స్నేహితులు చెప్పింది నిజమే. అయితే అదే 2002లో, అదే ఫ్లోరిడా స్టూడియోలో ఎక్కువ భాగం తయారైన ‘లీలో అండ్ స్టిచ్’ బాగా ఆడింది. అదీ చేత్తో గీసిన సినిమానే. ప్రేక్షకులు గీతను వద్దన్నారనే మాట నేను ఒప్పుకోను. కొన్ని సినిమాలు దెబ్బతింటే ఆ నింద పెన్సిల్ మీద పడింది. దాన్నే నమ్ముకుని బతికిన ఎంతోమంది మంచి కళాకారులు రోడ్డున పడ్డారు. ఆ విషయం తలచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

ఇక జపాన్ సంగతి చూడండి. హయావో మియజాకి తీసిన ‘స్పిరిటెడ్ అవే’కు 2003లో ఆస్కార్ వచ్చింది. ఇరవయ్యేళ్లు దాటాక, 2024లో, ఆయనదే ‘ద బాయ్ అండ్ ద హెరాన్’కు మళ్లీ వచ్చింది. రెండూ చేత్తో గీసినవే. ఐర్లండ్‌లో తయారైన ‘వుల్ఫ్‌వాకర్స్’ (2020) చూసే ఉంటారు. అందులో పెన్సిల్ చారలను చెరిపేయకుండా కావాలనే తెర మీద ఉంచారు. ‘క్లౌస్’ (2019)లో గీసిన బొమ్మల మీద వెలుగునీడలు పరచడానికి కంప్యూటర్‌ను వాడుకున్నారు. 2018 నాటి ‘స్పైడర్‌వర్స్’ సినిమాదేమో దీనికి ఎదురుదారి: త్రీడీ బొమ్మల మీద చేత్తో గీతలు గీశారు. అంటే కాగితం వేరు, గీత వేరు. కాగితం వాడకం బాగా తగ్గింది. నేడు ఎక్కువమంది గీసేది స్టైలస్ అనే ఎలక్ట్రానిక్ పెన్నుతో, తెర మీద. గీసే చెయ్యి, చూసే కన్ను మాత్రం మనిషివే.

ఇప్పుడు ఉద్యోగం మాట. తెర మీద సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 నిశ్చల చిత్రాలు నడుస్తాయి. ఒక్కో బొమ్మను రెండేసి ఫ్రేములకు ఉంచినా సెకనుకు 12 బొమ్మలు కావాలి. 80 నిమిషాల సినిమాలో ఒకే ఒక్క పాత్ర మొదటి నుంచి చివరి దాకా కదులుతూ ఉందనుకున్నా 57,600 బొమ్మలు. ఇన్ని ఒకరే గీయరు. కదలికలోని ముఖ్యమైన భంగిమలను కీ యానిమేటర్ గీస్తారు. వాటి మధ్య బొమ్మలను నింపేవాళ్లను ఇన్-బిట్వీనర్లంటారు. గీతను శుభ్రంగా తిరిగి గీసే క్లీనప్ వాళ్లు వేరే ఉంటారు. కొత్తగా వచ్చినవాళ్లు సాధారణంగా ఈ చివరి రెండు పనులతోనే మొదలుపెడతారు. జీతం తక్కువ, గడువుల ఒత్తిడి ఎక్కువ. పని ఎక్కడ చౌకగా అవుతుందో అక్కడికి వెళ్లిపోతుంది. పైగా మధ్య బొమ్మలను తయారుచేసే సాఫ్ట్‌వేర్‌లు వచ్చేశాయి. కాబట్టి ఇన్-బిట్వీనింగ్ ఒక్కదాన్నే నమ్ముకుని ఈ రంగంలోకి రావద్దని గట్టిగా చెబుతున్నాను. అది నేర్చుకోండి, దానితోనే ఆగిపోవద్దు.

గీత బాగా వచ్చినవాళ్లకు దారులు అంతకంటే ముందుకు ఉన్నాయి. స్టోరీబోర్డ్ (కథను షాటు షాటుగా బొమ్మల్లో చెప్పడం), క్యారెక్టర్ డిజైన్ (పాత్రల రూపం), లేఅవుట్ (షాటులో ఏది ఎక్కడుండాలో అమర్చడం), నేపథ్య చిత్రాలు: త్రీడీ సినిమాకు కూడా ఇవన్నీ ముందు ఎవరో గీసి తీరాలి. సిరీస్‌లు, వీడియో గేమ్‌లు, ప్రకటనలు, పాఠాల వీడియోల్లో టూడీ పని జరుగుతూనే ఉంది.

మీ నోటు పుస్తకాలను నేను చూడలేదు. చూసి ఉంటే ముందు ఒక్కటే వెతికేదాన్ని. ఈమధ్య ఒక అమ్మాయి నా దగ్గరికి పోర్ట్‌ఫోలియో, అంటే తన బొమ్మల సంపుటి తెచ్చింది. ముప్పై పేజీల్లో పేరున్న పాత్రల బొమ్మలు, ఎంతో నున్నగా, రంగులతో. చక్కగా ఉన్నాయి, కానీ అన్నీ ఎవరో ముందే గీసినవి. అట్ట వెనక మాత్రం బాల్‌పెన్నుతో గబగబా గీసిన నాలుగు బొమ్మలున్నాయి. వాళ్ల అమ్మమ్మ కుర్చీలోంచి లేస్తోంది. మొదటి బొమ్మలో చెయ్యి మోకాలి మీద, రెండో దాంట్లో ఒళ్లంతా ముందుకు వాలింది, మూడో దాంట్లో తల ఇంకా కిందికే ఉండగా నడుము లేచింది. ఆవిడ బరువెంతో, నొప్పి ఎక్కడుందో నాకు తెలిసిపోయింది. ‘ఇవి మొదటి పేజీలో పెట్టమ్మా’ అన్నాను. యానిమేషన్ స్టూడియోలు పోర్ట్‌ఫోలియోలో వెతికేది ఇలాంటి గీతనే.

ఏ కోర్సుకూ డబ్బు కట్టకముందు మీరూ ఒక పని చేసి చూడండి. కూర్చున్న మనిషిని ఎవరో పేరు పెట్టి పిలిచారు, తల తిప్పి చూసింది. అంతే. ఒక్క సెకను, 12 బొమ్మలు. పలచటి కాగితాలు తీసుకోండి, అంచులు కలిపి పగలు కిటికీ అద్దానికి ఆనించి పెడితే కింది బొమ్మ పైకి కనిపిస్తుంది. మొదటి బొమ్మ, చివరి బొమ్మ ముందు గీసి, తర్వాత మధ్యవి నింపండి. తీరా తిప్పి చూస్తే ముఖం బల్ల మీద పెట్టెను పక్కకి జరిపినట్టు జారుతుంది. మొదటిసారి దాదాపు అందరికీ అలాగే వస్తుంది. అప్పుడు అద్దం ముందు కూర్చుని మీరే తల తిప్పండి. కళ్లు తలకంటే ముందు కదులుతాయి. మధ్యలో రెప్ప పడుతుంది. గడ్డం కొంచెం కిందికి దిగి మళ్లీ లేస్తుంది. ఇది గమనించి 12 బొమ్మలూ మొదటి నుంచి గీయండి. మూడోసారీ గీయండి.

మూడోసారి కూర్చున్నప్పుడు మీకు విసుగొస్తోందా, లేక రెప్ప ఇంకో బొమ్మ ముందే పడితే బాగుండునని అనిపిస్తోందా? రెండోది అయితే ఈ పని మీకు సరిపోతుంది. విసుగొస్తే సిగ్గుపడాల్సిందేమీ లేదు. సినిమా చూసి గంటలకొద్దీ విడమర్చి మాట్లాడే శక్తి మీకుంది, అదీ తక్కువ విద్య కాదు. స్క్రీన్‌రైటింగ్, ఎడిటింగ్, సినిమా అధ్యయనం వైపు చూడొచ్చు.

నాన్నగారు చెప్పినదాంట్లో తప్పేమీ లేదు. ఆయన మీ తిండీబట్టా గురించి ఆలోచిస్తున్నారు. త్రీడీ తెలిస్తే మీకు పనికొస్తుందే తప్ప చెరుపు చేయదు. బొమ్మ వేయగలిగినవాళ్లు త్రీడీ నేర్చుకోవడం, త్రీడీ ఒక్కటే తెలిసినవాళ్లు బొమ్మ నేర్చుకోవడం కంటే తేలికని నా అనుభవం. అందుకని కోర్సు పేరు చూడకండి, మొదటి ఏడాది సిలబస్ చూడండి. అందులో మనుషులను చూసి గీయించడం, పర్‌స్పెక్టివ్ (దూరం, లోతు కనిపించేలా గీయడం), టైమింగ్ (ఏ కదలికకు ఎన్ని ఫ్రేములో లెక్క), స్టోరీబోర్డ్ ఉన్నాయా? మొదటి రోజు నుంచే సాఫ్ట్‌వేర్ బటన్లు నేర్పే చోట చేరొద్దు. చివరి ఏడాది విద్యార్థుల షోరీళ్లు, అంటే వాళ్ల పనిలోని మంచి ముక్కలు కూర్చిన వీడియోలు చూపించమని అడగండి. చూపించడానికి వెనకాడితే అక్కడి నుంచి వచ్చేయండి. సాఫ్ట్‌వేర్ సాధనకు బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అందులో గ్రీజ్ పెన్సిల్ అనే పరికరంతో త్రీడీ స్థలంలోనే టూడీ గీతలు గీయొచ్చు. మీ ఇష్టం, నాన్నగారి మాట రెండూ ఒకే చోట కుదురుతాయి.

ముందు ఆ 12 బొమ్మలూ మూడుసార్లు గీయండి. మూడు కట్టలనూ నాన్నగారి చేతికిచ్చి, వరుసగా తిప్పి చూడమనండి. మొదటి దానికీ మూడో దానికీ తేడా ఆయన కంటికే కనిపించాలి. కోర్సు మాట ఆ తర్వాత ఎత్తండి.